చూసిన మనిషి

తనకు మూర్ఛ వచ్చిందని కాంచనకు ఎప్పుడూ ఆలస్యంగానే తెలిసేది. కళ్ళు తెరిచేసరికి చెంపకు మట్టి, నోట్లో నెత్తురు రుచి, తడిసిన చీర. ఎంతసేపు పడి ఉందో చెప్పేవాళ్ళు లేరు.

పళ్ళిపట్టులో మగ్గాలవాళ్ళకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి బతికేది. పద్దెనిమిదేళ్ళప్పుడు శోళవరం సంబంధం చేశారు. రెండో నెలలో అత్తగారింట వడ్డిస్తూ వడ్డిస్తూ పడిపోయింది. మర్నాడు మొగుడే బస్సెక్కించి తీసుకొచ్చి, వీధి మొగలో దింపి, ఇంట్లోకి రాకుండానే వెనక్కి మళ్ళాడు. యాభై అయిదులో తల్లి కూడా పోయింది. కాంచనకప్పుడు ముప్పై ఏళ్ళు.

రెండేళ్ళ తర్వాత, మద్రాసు నుంచి శేషాద్రి అనే డాక్టరు నెలకోసారి తిరువళ్ళూరు వచ్చి మూర్ఛరోగులకు కొత్తగా మందులిస్తున్నాడని తెలిసింది. బస్సులో తిరుత్తణికి, అక్కణ్ణించి రైల్లో తిరువళ్ళూరుకు ఒక్కతే వెళ్ళింది.

"రెండు రకాల మాత్రలమ్మా. ఏది మేలో తేల్చే పరీక్ష ఇది. ఒకటి ఆరు నెలలు, ఇంకోటి ఆరు నెలలు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. నీకు ముందు ఏది ఇస్తున్నారో నాకూ తెలియదు. తెలిస్తే నేను మేలనుకున్న మందు వైపే నా కన్ను మొగ్గుతుంది గదా," అన్నాడు డాక్టరు. నలభై మంది రోగులు. ఆమె సీసా మీద పదిహేడో నంబరు. చదువు రాదని గళ్ళ కార్డు ఇచ్చి, పడిపోతే సున్న, మత్తుగా ఉంటే గీత, వాంతి అయితే కత్తెర గుర్తు పెట్టమన్నాడు.

నెల తిరిగాక కార్డులో నాలుగు సున్నలు చూసి అడిగాడు.

"ఎవరు చూశారు?"

"ఎవురూ చూళ్ళేదయ్యా. లేచినాక తెలిసింది."

"నువ్వెరగనివి ఇంకెన్ని వచ్చాయో! చూసిన మనిషి లేకపోతే ఇది లెక్కలోకి రాదమ్మా. ఇంటిపక్క ఎవరైనా లేరా?"

ఆ మాట ఆమెను రైల్లో దారిపొడుగునా తొలిచింది. పక్కింటి తంగమ్మతో పదేళ్ళుగా గోడ ఒకటే, మాట లేదు. నురగ తగిలితే రోగం అంటుకుంటుందని ఊరంతా భయమే. మూడు రోజులు ఊగిసలాడి నాలుగోనాడు తంగమ్మ గడపదాకా పోయింది. తంగమ్మ అప్పడాలు ఒత్తుతోంది.

"అక్కా, నేను పడిపోతే వొచ్చి చూడల్ల. ముట్టుకోవొద్దు. చూస్తే సాలు."

తంగమ్మ ఇంకో అప్పడం ఒత్తింది. "నేను నీ ఇంట్లో కాపలా కూచుంటానా? పని లేదా నాకు?" అంది. కాంచన వెళ్ళిపోబోతుంటే తంగమ్మే పిలిచింది. "ఏయ్, ఉండు. నీ రాట్నం సద్దు గోడలోంచి నాకు ఇనబడతాది. అది నిలిస్తే వొస్తాను. సరేనా?"

ఆ తర్వాత తంగమ్మ నెలకు నాలుగైదుసార్లు పరుగెత్తుకొచ్చింది. ముట్టుకోవద్దన్నా పక్కకు తిప్పి పడుకోబెట్టేది. కాంచన కళ్ళు తెరిచినప్పుడు ఎదురుగా ఒక ముఖం ఉండడం అదే మొదటిసారి.

"నేనెట్లా ఉంటానక్కా, పడినప్పుడు?"

"పడేముందు ఒక అరుపు అరుస్తావే. ఎవురినో పిలిచినట్ట."

ఆ మాట కాంచన మనసులో ఉండిపోయింది.

ఆరు నెలలు నిండాక సీసా మారింది. మొదటి పక్షం తల తిరిగి గోడ పట్టుకుని నడిచింది. చిగుళ్ళు వాచి పళ్ళు తోముకుంటే నెత్తురొచ్చేది. కానీ మూర్ఛలు ఆగాయి. నెల గడిచింది, రెండో నెల గడిచింది. రాట్నం తిరుగుతూనే ఉంది. గోడకవతల తంగమ్మ తన పని తను చేసుకుంటూనే ఉంది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం కాంచన రాట్నం ఆపింది. చెయ్యి నొప్పి లేదు, నూలు తెగలేదు, ఊరికే ఆపింది. పరుగున వస్తున్న అడుగుల చప్పుడు వినగానే సిగ్గు ముంచుకొచ్చి, నేల మీద వాలి కళ్ళు మూసుకుంది. పిండి చేతులు ఆమెను పక్కకు తిప్పాయి, నుదురు తుడిచాయి. ఆ తర్వాత తంగమ్మ బొగ్గుముక్క తీసి కార్డులో సున్న చుట్టింది.

తిరువళ్ళూరులో డాక్టరు ఆ సున్న మీద వేలు పెట్టగానే కాంచన నేల చూపులు చూసింది.

"అది అబద్ధమయ్యా. నేను పళ్ళేదు."

"మరెందుకమ్మా?"

"ఆయమ్మ వొస్తాదని."

డాక్టరు కలం తీశాడు. సున్న కొట్టేసి పక్కన సంతకం చేశాడు.

ఊరికొచ్చి తంగమ్మకూ చెప్పేసింది. తంగమ్మ ముఖం ఎర్రబడింది. "నా గుండె నోట్లోకొచ్చినాదే ఆ పొద్దు!" అని తలుపేసుకుంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదోనాడు గోడకవతల నుంచి కేకేసింది: "మాట్లాడల్లంటే గోడ తట్టు. సచ్చినట్ట పడుకోబాక!"

యాభై తొమ్మిదిలో పరీక్ష ముగిసి ఏ సీసాలో ఏముందో బయటపడింది. ఆమెకు ముందిచ్చింది పాత మందు, ఫినోబార్బిటోన్. తరవాతిది ఫెనిటాయిన్. అదే ఆమెకు పట్టింది. అందరికీ పట్టలేదు. ఆరుగురు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, తూలిపడి మధ్యలోనే మానుకున్నారు. ఇద్దరికి పాతదే మేలు చేసింది. "చిగుళ్ళు రోజూ ఉప్పునీళ్ళతో కడుక్కో. మాత్ర మాత్రం మానకు," అని డాక్టరు ఆఖరి కార్డు తీసుకుని దాచాడు. ఇక నెలనెలా రావక్కర్లేదన్నాడు.

అరవైలో, ఊరు ఆంధ్ర నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఏడాది, తంగమ్మ ఆరంబాక్కంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కాంచన మూట మోసుకుని తిరుత్తణి స్టేషనుదాకా తోడెళ్ళింది.

"ఇంక నిన్ను చూసేదెవురే?"

"చూసేదానికి ఏముందక్కా, పడితే గదా," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పక్కిల్లు తాళం వేసే ఉంది. నెల తిరక్కముందే కాంచన మగ్గాల యజమాని కుప్పుస్వామి దగ్గరికి పోయి, కొట్టంలో అందరితోపాటు తనకూ ఒక మగ్గం కావాలంది. గుంటలో కూర్చుని నేసేవాళ్ళకు మూర్ఛ వస్తే ఏం గతి అని ఇన్నాళ్ళూ ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. "రెండేండ్లుగా పళ్ళేదు. కావాలంటే డాక్టరునడుగు," అంది. ఆయన గడ్డం గోక్కుని కొట్టం చివర మగ్గం చూపించాడు. మిగతావాళ్ళ మగ్గాలకు అది కాస్త ఎడం. ఆ రోజు ఆమెను ఎవరూ పలకరించలేదు. పొద్దు వాలేసరికి జానెడు గుడ్డ నేసింది.