ఖలీఫా కథ, తాగని గహ్వా

డెబ్భైల చివర, అరబ్బుల దేశంలోని సబా అల్ సలేంలో, నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, అంటే మా కఫీల్, ఇంటి ముందుగదిలో సాయంత్రాలు మగవాళ్లంతా చేరేవారు. దాన్ని దివానియా అంటారు. వచ్చినవాళ్లకు గహ్వా, అంటే యాలకులు వేసిన అరబ్బుల కాఫీ, పోయడం నా పని. రంజాన్ నెలలో ఉపవాసం విడిచాక కఫీల్ తండ్రి ఒక ఖలీఫా కథ చెప్పేవాడు. ఆ పెద్దాయన్ని నేను బాబా అనేవాణ్ణి.

ఎప్పుడో డమాస్కస్ నుంచి సగం లోకాన్ని ఏలిన ఖలీఫా అట. కుర్రతనంలో పట్టుబట్టలు, అత్తరు లేనిదే గడప దాటేవాడు కాదు. గద్దె ఎక్కిన రోజే మారిపోయాడు. తనవాళ్లు జనం దగ్గర లాక్కున్న భూములు ఎవరివి వాళ్లకు తిరిగి ఇప్పించాడు. భార్య నగలు ఖజానాలో వేయించాడు. మూడేళ్లయినా ఏలకుండానే మంచాన పడ్డాడు. మాసిన చొక్కా మార్చడానికి అప్పుడు ఇంకోటి లేదట. అక్కడికి వచ్చేసరికి బాబా కళ్లు తుడుచుకునేవాడు. నాకూ ఆ ఖలీఫా అంటే ఇష్టమే. కానీ నా పాస్‌పోర్టు బాబా కొడుకు ఇనప్పెట్టెలో ఉండేది. వింటుంటే ఒళ్లు మండేది కూడా.

ఆ ఏడు, నేను సెలవుకు ఊరెళ్లొచ్చిన మూణ్ణెల్లకి, రంజాన్ మధ్యలో, దగ్గర్లోని ఫర్వానియాకు కొత్తగా వచ్చిన మా ఊరివాడొకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ ఆవిడికి కడుపు పోయిందిరా. రత్తం ఆగట్లేదంట. కాకినాడ పెద్దాసుపత్రిలో ఏసేరు. ఎంటనే బయల్దేరు," అన్నాడు.

కఫీల్‌ని అడిగాను. పండగయ్యాక చూద్దామన్నాడు. మర్నాడు మళ్లీ కాళ్లావేళ్లా పడ్డాను. "ఖలాస్," అన్నాడు, ఇక నోరెత్తొద్దని.

అక్కడ ఒక ఆచారం ఉంది. పెద్ద కోరికతో వచ్చిన అతిథి గహ్వా తాగకుండా కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటిపెద్ద "తాగు" అన్నాడంటే ఆ పని చేసిపెడతానని మాట ఇచ్చినట్టే. అది అతిథులకే గాని పనివాళ్లకు కాదు. ఆ సాయంత్రం కథ అయ్యాక నేనే ఒక కప్పు పోసుకుని, తివాచీ చివర కూర్చుని నా ముందు పెట్టుకున్నాను. గదిలోవాళ్లంతా నన్నే చూశారు.

"యల్లా, లే!" అని కసిరాడు కఫీల్.

బాబా చెయ్యెత్తి కొడుకుని ఆపాడు. "ఏం కావాలి నీకు?"

"నా పాస్‌పోర్టు, బాబా. నా భార్య చావుబతుకుల్లో ఉంది."

బాబా కొడుకుతో అన్నాడు: "ఆ ఖలీఫా బతికి లేడు కాబట్టే మనకు అంత ప్రేమ. ఇప్పుడొస్తే ముందు నీ ఇనప్పెట్టె తెరవమంటాడు. వెళ్లి తీసుకురా."

నావైపు తిరిగి, "తాగు," అన్నాడు.

దొరికిన మొదటి విమానం ఎక్కాను. ఆసుపత్రిలో ఆమె నన్ను గుర్తుపట్టింది. "వచ్చేసేరా?" అంది. మర్నాడు పోయింది. పండగ దాకా ఆగి ఉంటే ఆ ఒక్క మాట కూడా నాకు దక్కేది కాదు.