చిన్నమ్మ కడుపునొప్పికి నాకు సూది

నేను దుబాసీ పని ఒక్కసారే చేశాను. ఆ ఒక్కసారికే నొప్పి ఒకరిదీ, సూది ఇంకొకరిదీ అయింది. ఇంత ఘనకార్యం మా వంశంలో మరెవరూ చేయలేదు.

మా చిన్నమ్మకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. నేరేడుచర్లలో మా ఇంటిల్లిపాదీ ఆమెతో చేతులతోనే మాట్లాడతాం. మా ఇంటి పద్ధతి ఒకటుంది: ఎవరి నొప్పి గురించి చెప్పినా సొంత ఒంటి మీదే చూపించాలి. బర్రె కుంటితే మేమూ కుంటుతాం.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నమ్మ మూడు రోజులుగా కడుపు పట్టుకుని ముద్ద ముట్టడం లేదు. షేర్ ఆటోలో మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్లాను. చీటీ రాసేచోట పేరడిగితే, మాట్లాడేది నేనే కదా అని దర్జాగా నా పేరు చెప్పాను. చూశారా తెలివి!

డాక్టరు అడగబోయేవన్నీ ముందే అడిగి పెట్టుకుందామని వరండాలోనే మొదలుపెట్టాను. నొప్పి వీపులోకి పాకుతుందా అని అడగడానికి మెలికలు తిరిగాను. వాంతి వస్తోందా అని అడగడానికి కళ్లు తేలేశాను. అంతే, నర్సు పరుగున వచ్చి నన్ను మంచం మీద బోర్లా పడేసింది.

"నాకు కాదక్కా, మా చిన్నమ్మకు" అన్నాను.

"సూదంటే అందరు గిట్లనే అంటరు తమ్ముడు. చీటీల నీ పేరే ఉన్నది" అంటూ పొడిచేసింది.

చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే నొప్పికి వంగిపోయింది. అది చూసి నాకు భయం వేసింది. డాక్టరు వెళ్లిపోయే వేళయింది, నేనేమో లేవలేకుండా ఉన్నాను.

ఇక నన్ను నమ్ముకుంటే లాభం లేదనుకుందేమో, ఆమే డాక్టరు గది తలుపు తోసుకుని వెళ్లింది. నేను కుంటుకుంటూ చేరేసరికి, డొక్క కింద వేలితో నొక్కి, అక్కణ్ణుంచి చేతిని వీపు దాకా తిప్పి చూపిస్తోంది. డాక్టరు పెన్ను పక్కన పెట్టి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అంతకుముందు వెళ్లిన చోటల్లా డాక్టర్లు ఆమెను వదిలేసి వెంట వెళ్లిన మా ఇంటివాళ్లనే అడిగేవారు. అది తప్పని మాకూ తోచలేదు. నాకు సిగ్గేసింది.

సిగ్గేసినా బుద్ధి రాలేదు. గొంతు సవరించుకుని, "ఆమె ఏమంటున్నదంటే సార్..." అన్నాను.

"ఆమె మంచిగనే చెప్తున్నది. నువ్వే అడ్డమున్నవ్, జర జరుగు" అన్నాడు.

పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆపరేషన్ అయ్యాక చిన్నమ్మ హాయిగా తింటోంది. చుట్టాలొస్తే నా సూది కథ ఒంటి మీద చూపించి మరీ చెబుతోంది.

కాబట్టి ఇదే నా ప్రమాణం: సూర్యాపేట కానీ, కోదాడ కానీ, చిన్నమ్మకూ డాక్టరుకూ మధ్య ఇక జన్మలో నిలబడను. గది బయట బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటాను, ఒక పక్కకు ఒరిగి.