పంటికింద పలుగు

ఆ తెల్లమట్టి ఫ్యాక్టరీలో అతన్ని అందరూ నాలుకాయన అంటారు. వినడానికి వెటకారంగా ఉంటుంది గాని, ఆ పిలుపులో ఉన్నదంతా గౌరవమే. తెల్లమట్టి ఆకాశం నుంచి ఊడిపడదు కదా. కొండరాయిలో ఒక భాగం యుగాల తరబడి నాని, కుళ్ళి, పిండిలా మారుతుంది. అదే రాయిలో గాజులా గట్టిగా ఉండే పలుగురాయి మాత్రం చచ్చినా కుళ్ళదు, రవ్వలుగా ఆ మట్టిలోనే నక్కి ఉంటుంది. మట్టిని నీళ్ళలో కలిపి తొట్టిలో వదిలితే పలుగు అడుగుకు దిగుతుంది. అప్పుడు గేటు ఎత్తి, పైన మిగిలిన తెల్లనీళ్ళను పక్క తొట్టిలోకి పంపాలి. ఎప్పుడు ఎత్తాలో చెప్పేది నాలుకాయనే.

ఆయన చేసేదల్లా చిటికెడు మట్టి పళ్ళమధ్య పెట్టి నమలడం. కరకరమంటే తల అడ్డంగా ఊపుతాడు, వెన్నలా జారితే ఎత్తమంటాడు. జల్లెడ పరీక్ష లేకపోలేదు గాని దానికి పూటంతా పడుతుంది, ఈయనకు రెప్పపాటు చాలు. పుస్తకాల అట్టలకు నిగనిగలాడే మెరుపు వచ్చేది ఈ మట్టి పూతతోనే. అందులో పలుగు రవ్వ మిగిలిందా, కాగితం మిల్లులో పూతను చదునుచేసే బ్లేడు గీరుకుపోయి కాగితమంతా చారలే. అందుకే మిల్లువాళ్ళు నాలుకాయన చూశాడా అని అడిగి మరీ కొంటారు.

ఇనుమునే గీసే పలుగుకు పన్ను ఒక లెక్కా? జీవితమంతా నమిలిన రవ్వలు ఆయన పళ్ళను చిగుళ్ళదాకా అరగదీశాయి. సెలవు పెట్టి, మిగిలిన మొద్దులు పీకించుకుని, కట్టుడుపళ్ళు పెట్టించుకొచ్చాడు. పళ్ళు బాగుచేయించుకున్నాడనుకుని నవ్వు బాగుందన్నారు అందరూ. బాగుండక ఏం చేస్తుంది, కొత్త పళ్ళాయె! మట్టి నోట్లో వేసుకుంటే మాత్రం ఏమీ తెలియలేదు. మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. చెబితే పని పోతుంది, కంపెనీ ఇచ్చిన ఇల్లు పోతుంది, అన్నిటికన్నా ముందు ఆ పేరు పోతుంది. భయపడ్డాడు. నీళ్ళ రంగు చూసి అంచనాగా ఎత్తమనడం మొదలుపెట్టాడు. సంగతి కూతురికొక్కదానికే తెలుసు.

గేటు దగ్గర పనిచేసేది అల్లుడే. మావగారు చెప్పందే దానిమీద చెయ్యి వెయ్యడు. ఇలా ఉండగా ఒక లోడు వెనక్కొచ్చింది, మిల్లులో బ్లేడ్లు పాడయ్యాయట. నాలుకాయన పొరబడతాడని ఎవరి బుర్రకూ తట్టలేదు. అల్లుడే తొందరపడి ముందుగా గేటెత్తాడని తేల్చి, పనిలోంచి తీసేస్తామన్నారు. ఆ పిచ్చిమారాజు కూడా మావయ్యను అనుమానించలేదు, తానే ఆయన మాట సరిగా వినలేదేమోనని కుమిలిపోయాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా నాన్నా?" అంది కూతురు.

మర్నాడు ఆయన మేనేజరు గదికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేనేజరు జాలిగా నవ్వి, అల్లుడి కోసం లేని తప్పు నెత్తినేసుకోవద్దని బుజ్జగించాడు. ఇక దారిలేక నాలుకాయన రెండు వరసల పళ్ళూ తీసి బల్లమీద పెట్టాడు.

మేనేజరు నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు మూసి, ఇంకెవరికి తెలుసని అడిగాడు. కూతురికని చెప్పగానే గొంతు తగ్గించాడు.

"మిల్లువాళ్ళు మిమ్మల్ని చూసి కొంటున్నారు పెద్దాయనా. ఇది బయటికి పొక్కిందంటే, పోయిన లోడ్లన్నీ వెనక్కొస్తాయి. పళ్ళు పెట్టుకోండి."

"నన్ను తీసెయ్యండయ్యా. వాణ్ణి ఉంచండి."

"మిమ్మల్ని తీస్తే ఎందుకు తీశారంటారు. తప్పు ఎవరో ఒకరి మీద పడాలి కదా."

ఇకమీదట జల్లెడ పరీక్ష గుట్టుగా జరుగుతుందట, ఈయన అందరూ చూసేలా మట్టి నోట్లో వేసుకుంటే చాలట. ఎంత తేలిగ్గా చెప్పాడో మహానుభావుడు! నాలుకాయన పళ్ళు పెట్టుకుని బయటికొచ్చాడు. అల్లుడు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో కూతురు అడిగింది, చెప్పావా అని. చెప్పానన్నాడు. తలుపు మూయడం దగ్గర్నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. చెబుతూ ఉంటే తన చెవులకే అది కట్టుకథలా వినిపించింది. కూతురు పొయ్యి ఆపి, ఆయన వైపు తిరిగింది.

"నిజంగా చెప్పుంటే, ఆయన్ని తీసేసి నిన్నెందుకు ఉంచుకుంటారు నాన్నా?"

ఆయన మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాడు. ఆమె అప్పటికే మొగుడికి అన్నం పెట్టడానికి వెళ్ళిపోయింది.