వీధి దీపానికి సంతకం పెట్టిన మాస్టరు

మా పక్కింటి డ్రాయింగు మాస్టరు పోయారు. ఈ మాట రాసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. పదిహేను రోజులైంది. ఇప్పటికీ అది ఎవరి గురించో రాసినట్టుంది.

ఆ ఉదయం నేను ఆయన పాలే కాస్తున్నాను. ముందురోజు సాయంత్రం గోడ మీదుగా గిన్నె అందించి, "రేపు పాలు నువ్వే పోయించుకోమ్మా, మధ్యాన్నానికి వచ్చేస్తా" అని చెప్పి పెనుకొండ బస్సుకు వెళ్లారు. పాలు పొంగుకొస్తుండగా వాకిట్లో ఎవరో పిలిచారు. పెనుకొండ నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు.

"అమ్మా, ఈ పక్కిల్లేనా అయివారిది? ఆయప్ప తెల్లారుజామున పోయినాడంట. వాళ్ల చెల్లెలు మీకు చెప్పమనింది."

"ఇంకెవరి ఇంటికో పోవల్సినోనివి ఈడికొచ్చినట్టుండావప్పా" అన్నాను. "మా అయివారు నిన్న సాయంత్రమే కదా బస్సెక్కింది! బాగుండాడు."

"ఆయప్పేనమ్మా. నా బస్సులోనే వచ్చినాడు, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకోని. ప్లేట్లుండాయి, మెల్లగా పోనీ అన్నాడు."

పాలన్నీ పొయ్యిలోకి పొంగిపోయాయి. దించాలని కూడా తోచలేదు.

నేను హిందూపురానికి కాపురానికి వచ్చిన కొత్తలో, ఆయన పెరట్లో ఇనుప పీపా చుట్టూ తిరుగుతూ కనిపించేవారు. పీపా మీద రెండు మందపాటి గాజు బిళ్లలు. వాటి మధ్య గాజును అరగదీసే ఎమరీ పొడి, నీళ్లు. ఒకదాని మీద ఒకటి రుద్దుతూ, అడుగడుగూ పక్కకు జరుగుతూ, బడి నుంచి వచ్చింది మొదలు చీకటి పడేదాకా అదే పని. పెళ్లాం పోయినాక మతి చెదిరిందేమోనని మా ఆయనతో అన్నాను కూడా. అయిదు నెలల తర్వాత అందులో ఒక బిళ్ల దుర్భిణికి అద్దమైంది. దానికొక రేకుల గది కట్టించారు. పైకప్పును చేత్తో నెడితే చక్రాల మీద పక్కకు జరిగి, ఆకాశం కనిపించేది.

ఆయన పట్టుదలంతా నీహారికల ఫోటోలు తీయాలని. చుక్కల మధ్య పొగలా పరుచుకున్న మేఘాలవి. మామూలు కంటికి సరిగా ఆనవు. గాజు ప్లేటును గంటసేపు ఆకాశానికి తెరిచి పెడితే ఆ మసక మెల్లగా అందులోకి దిగుతుందట. అయితే చుక్కలు నిలకడగా ఉండవు కదా. ఆ గంటా ఆయన పక్కనున్న చిన్న దుర్భిణికి కన్ను ఆనించి, ఒక చుక్కను అందులోని రెండు దారాల కూడలి నుంచి జారిపోనీయకుండా మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ కూర్చోవాలి. ఆ దారాలు మా ఊరి పట్టుగూళ్ల నుంచి లాగిన ఒంటి పోగులు.

మూడు చలికాలాలు ప్లేట్లన్నీ పాడయ్యాయి. ఒకసారి మంచు, ఒకసారి ఆయన కునుకు, ఒకసారి మా పెరటి లాంతరు. నేను నొచ్చుకుంటే నవ్వేవారు. "చుక్కకు తొందర లేదులేమ్మా. ఉన్నది నాకే."

చివరికి గొల్లకావడి అనే మూడు చుక్కల కింది నీహారిక ప్లేటు మీదికొచ్చింది. కాగితం మీద అచ్చు తీసుకుని ముందు మా ఇంటికే వచ్చారు. మా అత్త వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నేండ్లు నిద్ర చెరుపుకోని ఒక మచ్చను పట్టినావా అబ్బా?"

"ఆ మచ్చలోనే చుక్కలు పుడతాండాయవ్వా."

"అట్లయితే అది కానుపు గది. తలుపు సందులోంచి చూసొచ్చినావే, సిగ్గులేదా నీకు!"

ఆయన అంతగా నవ్వడం అంతకు ముందు నేను చూడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

మరుసటి ఏడే మా అత్త చీకట్లో సందు మలుపు దగ్గర కాలువలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్లీ లేచి నడవలేదు. మా సందుకు దీపం కావాలని మునిసిపాలిటీకి అర్జీ రాసింది నేనే. స్తంభం నాటడానికి చోటున్నది మాస్టరు గోడ మూల ఒక్కటే. ఆ వెలుగు నేరుగా రేకుల గది మీద పడుతుందని నాకు తెలుసు. అందుకే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను గానీ ఆయన గడప మాత్రం తొక్కలేదు.

ఆయనే వచ్చారు. "నా సంతకం యాడ పెట్టల్లమ్మా?"

"అన్నా, మీ ప్లేట్లు..."

"మనిషికి కాలు యాడ పెడతాండేది కనపడల్ల ముందు. చుక్కలు యాడికి పోతాయి?"

అన్ని పేర్ల కంటే పైన, కాస్త ఖాళీ ఉన్నచోట, డ్రాయింగు మాస్టరు కదా, ముత్యాల్లాంటి అక్షరాలతో పెట్టారు.

దీపం వచ్చింది. కొన్నాళ్లు గోడ మీద గోనెపట్టాలు కట్టి చూశారు. తర్వాత గదిని రేకు రేకూ విప్పి, దుర్భిణితో సహా బండికెత్తి పెనుకొండలో చెల్లెలి పెరటికి చేర్చారు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆ బస్సు ప్రయాణం. నన్ను ఒక్కమాట అనలేదు. అననందుకే నాకు బరువు.

కండక్టరు మాట విన్నాక తర్వాతి బస్సుకే వెళ్లాను. ఆయన చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, ఏడవకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"మూడుగంటలప్పుడు వేన్నీళ్లు ఇస్తే తాగినాడు. ఈ పొద్దు ఆకాశం బాగుండాది, నువ్వు పో, పండుకో అన్నాడు. తెల్లారి చూస్తే ఆడనే, అట్లనే, కన్ను ఆనించుకోని కూర్చోనుండాడు. చూస్తాండాడులే అనుకుంటినమ్మా. కాఫీ కాచినా రా అన్నా అని పిలిస్తి. ఆవు ఈనేటట్టుండాదని చెబితి. ఎంతసేపు మాట్లాడితినో."

అప్పుడు నాలో ఉన్నది ఆగలేదు. "ఆ దీపం నేనే పెట్టించినానక్కా. అది లేకుంటే నా గోడ పక్కనే ఉండేవారు. దగ్గితే వినపడేది నాకు."

ఆమె నన్ను వింతగా చూసింది. "ఏం మాటమ్మా అది? అంతకు ముందు మా అన్న నా ఇంటికి ఏండ్లకేండ్లు రానేలేదు. ఆ దీపం వచ్చినాకే కదా, నెలకొకపొద్దు నా చేతి ముద్ద తినింది."

కొంగుతో మొహం తుడుచుకున్నాను.

పెరట్లోకి వెళ్లాను. రేకుల గది కప్పు తెరిచే ఉంది. ఎండ నిండుగా లోపల పడుతోంది. దుర్భిణి మీద ఎర్రటి ధర్మవరం పట్టుచీర కప్పి ఉంది. అద్దం మీద ఎండ పడకూడదని అన్న ఎప్పుడో చెప్పాడట. ఆయన ఇక లేడని తెలిసిన క్షణాన, ఎవరినీ పిలవకముందే, ఆమె ఇంట్లోకి పరుగెత్తి పెట్టె తెరిచి చేతికందింది తెచ్చి కప్పింది. అది ఆమె పెళ్లిచీర. గాలికి కొంగు కొద్దిగా లేస్తోంది, జరీ అంచు మెరుస్తోంది. దాని కింద దుర్భిణి ఇంకా పైకే చూస్తోంది.