జంపఖానా వెనక ఏడో నంబరు

పోయిన సోమవారం మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాలుద్దామనుకుంటుంటే మా మనవరాలి బడి నుంచి ఫోన్ వచ్చింది. యాన్యువల్ డేకి పిల్లల చేత పాటల నాటిక వేయిస్తున్నామనీ, ఎవరికి ఏ వేషం ఇవ్వాలో తేల్చడానికి సంగీతం తెలిసిన పెద్దవాళ్ళు కావాలనీ, రిటైరైన సంగీతం టీచర్ని నేనుండగా రాజమండ్రిలో ఇంకొకర్ని వెతకడం ఎందుకనీ ఆ ప్రిన్సిపాల్ గారు ఎంతో మర్యాదగా అడిగారు. వస్తానండీ అనేశాను. వాట్సాప్‌లో పెట్టిన పిల్లల జాబితా కళ్ళజోడు పెట్టుకుని చూస్తే పదకొండో పేరు మా మనవరాలిది. ముప్పై అయిదేళ్ళ కిందట ఒక బడి వరండాలో కూర్చుని నేను చేసిన పని కళ్ళ ముందుకొచ్చింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో ఏదో ఒకటి పోగొట్టుకోని వాళ్ళు మన తరంలో తక్కువ కాబట్టి, మీరు అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

అప్పట్లో నేను కడియం దగ్గర ఒక ఊళ్ళో సంగీతం టీచర్ని. చేరి ఆరు నెలలు కాలేదు. మా అమ్మాయి అదే బళ్ళో అయిదో తరగతి. పొద్దున్నే తల్లీకూతుళ్ళం కాలువ గట్టు వెంబడి నడిచి వెళ్తుంటే, నర్సరీల ముందు లారీల్లోకి మొక్కలు ఎక్కిస్తుండేవారు. ఆ తడిమట్టి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది మా అమ్మాయి గొంతే, ఎందుకంటే దారి పొడవునా అది పాడుతూనే ఉండేది. పాట ఎత్తుకునే ముందు ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసేది, అప్పుడు ముక్కులో చిన్న ఈల వినబడేది. ఆ ఈల మాన్పించాలని నేను ఎన్ని తంటాలు పడ్డానో చెప్పలేను.

ఆ ఏడాది వార్షికోత్సవానికి మా హెడ్మాస్టారు స్వయంగా ఒక పాటల నాటిక రాశారు. కాలువ కథ అది. జూన్‌లో ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలిన దగ్గర్నుంచి లాకులు దాటుకుంటూ, దారిలో పడవతోనూ కొంగతోనూ వాన చినుకులతోనూ మాట్లాడుకుంటూ, చిట్టచివరి శివారు చేను దాహం తీర్చేదాకా కాలువమ్మ చేసే ప్రయాణం. కాలువమ్మకి అయిదు పాటలు. మిగిలినవాళ్ళకి తలా ఒక చరణం. కొంగకి మాత్రం ఒక్క ముక్క కూడా లేదు, గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి ఉండడమే దాని వేషం.

అసలు చిక్కు వేషాలు పంచడంలో వచ్చింది. అంతకు ముందు ఏడాది పూలరాణి వేషం ఒకరి పిల్లకిచ్చారని ఇంకొకరికి కోపమొచ్చి, ఆ రెండిళ్ళవాళ్ళూ ఒకరి పేరంటానికి ఒకరు వెళ్ళడం మానేశారు. మధ్యలో నలిగిపోయింది హెడ్మాస్టారు. అందుకని ఈసారి ఆయన గట్టి ఏర్పాటు చేశారు. వరండా స్తంభాల మధ్య ఒక పెద్ద జంపఖానా కట్టించారు. నర్సరీల్లో మొక్కలకి కట్టే రేకు బిళ్ళలు తెప్పించి, వాటి మీద అంకెలు వేసి పిల్లలకి తలా ఒకటి పంచారు. పిల్ల జంపఖానా వెనక నిలబడి, పేరు చెప్పకుండా బిళ్ళ మీది అంకె చెప్పి కాలువమ్మ పాటల్లో ఒకటి పాడాలి. ఇవతల హెడ్మాస్టారూ, లెక్కల మాస్టారూ, నేనూ కూర్చుని ఇరవైకి మార్కులు వేయాలి. ఊరివాళ్ళు అరుగుల మీదా, కిటికీల దగ్గరా నిలబడి చూస్తున్నారు. పిల్లల పాటలకి అంత జనం రావడం నేనెక్కడా చూడలేదు. పాట మీద ప్రేమతో వచ్చారనుకునేంత అమాయకురాల్ని కాను.

మొదలుపెట్టబోతుండగా హెడ్మాస్టారు నా వైపు వంగి, నవ్వు మొహంతోనే అన్నారు.

"మీ అమ్మాయి కూడా పాడుతోందటగా అండీ?"

"పాడుతోందండీ. తెర ఉంది కదండీ."

అన్నానే గానీ, కిటికీల దగ్గర ఉన్నవాళ్ళందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. బహుశా చూశారు కూడా.

ఒక్కొక్కరే పాడుతున్నారు. లెక్కల మాస్టారికి సంగీతం బొత్తిగా తెలియదు, పాపం, నా కాగితంలోకి ఓరగా చూసి అదే అంకె వేసేస్తున్నారు. హెడ్మాస్టారు కూడా కొంచెం అటూ ఇటూగా అంతే. అంటే నేను వేసిందే వేషం. ఆ సంగతి నాకు మూడో పిల్ల దగ్గరే అర్థమైంది, అర్థమైన కొద్దీ పెన్సిల్ బరువెక్కింది.

జంపఖానా వెనక నుంచి "ఏడు" అని వినబడింది. గొంతు మార్చి చెప్పింది, నాకు తెలియకూడదని. కానీ తర్వాత ఊపిరి తీసింది, ముక్కులో చిన్న ఈల.

"శివారు చేనా, వస్తున్నానే, ఆగవే తల్లీ ఒక్క గడియ" అన్న ఆ పల్లవి నేను కట్టిన వరసే. అయినా అలా ఉంటుందని నాకే తెలియదు. 'ఆగవే' దగ్గర అది కాస్త నిలబడి, మళ్ళీ మెల్లగా దిగింది. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. అప్పుడు నాకు సంతోషం కలగాలి కదా. భయం వేసింది. దీనికే వస్తుంది, రాగానే ఊరంతా టీచరు తన కూతురికి ఇచ్చుకుందంటారు, ఈ ఊళ్ళో నాకిక మర్యాద మిగలదు అనుకున్నాను. పంతొమ్మిది అని వేయడానికి ఒకటి గీశాను, పక్కన తొమ్మిది వేయలేక ఏడు వేశాను. లెక్కల మాస్టారు ఓరగా చూసి పదిహేడు వేశారు.

తర్వాత పాడిన పదో నంబరు పిల్లకి పద్దెనిమిది వేశాను. ఆ పిల్ల బాగానే పాడింది, అందులో అబద్ధం లేదు. తెర తీశాక చూస్తే, నర్సరీలో అంట్లు కట్టే కూలీవాళ్ళ అమ్మాయి. చూశావా ఎంత న్యాయం చేశానో అని నాకు నేనే శాలువా కప్పుకున్నాను. దానికి తోడు అరుగు మీద నుంచి ఒకావిడ అందరికీ వినబడేలా అంది.

"టీచరు గారి అమ్మాయికే రాలేదంటే ఇంక ఇందులో మాయేం లేదండి."

ఆ మాట ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. పాడే వేషాలన్నీ పంచేసి, ఎవరూ వేలెత్తి చూపకుండా మా అమ్మాయికి మిగిలిపోయిన కొంగ వేషం ఇచ్చాను.

ఇంటికి వెళ్తుంటే కాలువ గట్టు మీద ఆ రోజు పాట లేదు. లాకుల దాకా వచ్చాక ఆగి, గుప్పిట్లో ఉన్న రేకు బిళ్ళ చూసుకుంటూ అడిగింది.

"అమ్మా, ఏడో నంబరు నేనేనని నీకు తెలుసా?"

"లేదమ్మా. తెర ఉంది కదా."

"అయితే నేను బాగా పాడలేదన్నమాట."

ఇంత పొడుగున రాసింది ఈ ఒక్క మాట కోసమే. మార్కులు తగ్గించడం తప్పే, కానీ నా అసలు తప్పు గట్టు మీద జరిగింది. తెలుసమ్మా, జనానికి భయపడ్డాను అని ఉంటే నాతో వారం రోజులు మాట్లాడేది కాదు, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. నాకు తెలియదన్నాను కాబట్టి, ఎవరి పాటో తెలియకుండా వేసిన మార్కు నిజమైన మార్కని నమ్మింది. పదేళ్ళ పిల్ల, అమ్మ చెవిని నమ్మకపోతే ఇంక దేన్ని నమ్ముతుంది?

నాటిక రోజు సాయంత్రం నేను వేదిక పక్కన హార్మోనియం దగ్గర ఉన్నాను. మూడు పాటలు చక్కగా సాగాయి. నాలుగోది ఈ శివారు చేను పాట. కాలువమ్మ రెండో చరణం దగ్గర ఆగిపోయింది. జనాన్ని చూసి మాట మర్చిపోయింది ఆ పిల్ల. వరస ఒకసారి వాయించాను, రెండోసారి వాయించాను. మాట అందించాల్సింది నేనే, కానీ ఆ చరణం నాకే గుర్తు రాలేదు. హెడ్మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు.

అప్పుడు వినబడింది నాకు, ముక్కులో ఆ ఈల. గట్టు మీద ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, అట్టముక్కు వెనక నుంచి, కదలకుండా, ఆ చరణం ఎత్తుకుంది. కాలువమ్మ రెండు మాటలు విని అందిపుచ్చుకుంది. జనం ఏమీ గమనించలేదు. కొంగ మళ్ళీ మూగదైపోయింది.

నాటిక అయ్యాక అట్టముక్కు విప్పితే, దారం గట్టిగా బిగించడం వల్ల బుగ్గల మీద ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. అంతా అప్పుడే చెప్పేయాల్సింది. హెడ్మాస్టారు పక్కనే ఉన్నారు. కాలు నొప్పెట్టిందా అని మాత్రం అడిగాను. లేదంది. ఆ మర్నాటి నుంచి సాధనకి కూర్చోలేదు. లెక్కలు చాలా ఉన్నాయనేది, తర్వాత పరీక్షలనేది, ఆ తర్వాత నేనూ అడగడం మానేశాను. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, ఇదే ఊళ్ళో నాలుగు వీధుల అవతల ఉంటోంది. దాని ఇంట్లో పాట వినబడదు.

మొన్న జాబితా చూశాక ఇక ఆగలేక దానికి ఫోన్ చేశాను. బడివాళ్ళు రమ్మన్నారని చెప్పాను, దాని కూతురి పేరు ఉందని చెప్పాను, ఆ మీదట ఏడో నంబరు నువ్వేనని నాకు తెలుసే, పంతొమ్మిది వేయాల్సిన చోట పదిహేడు వేశాను అని చెప్పేశాను. అవతల గట్టిగా ఒక ఊపిరి, ముక్కులో చిన్న ఈల. నేను ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్నాను.

"ఆ రెండు మార్కులూ తెచ్చి మా పిల్లకి కలపకమ్మా. దానికి ఎంతొస్తే అంతే వెయ్యి. ఎందుకు వేశావో మాత్రం దానికి చెప్పు."

అంతే అని పెట్టేసింది.

గురువారం వెళ్ళాను. ఇప్పుడు జంపఖానాలు లేవు. పిల్లలు మైకు పట్టుకుని తమ పేరూ క్లాసూ గట్టిగా చెప్పి మరీ పాడుతున్నారు, అద్దాల తలుపు అవతల నుంచి తల్లిదండ్రులు ఫోన్లలో రికార్డు చేసుకుంటున్నారు. మా మనవరాలికి ఇరవైకి పదిహేను వేశాను, వేసిన వెంటనే కాగితం ప్రిన్సిపాల్ గారి చేతిలో పెట్టేశాను. దానికి బృందగానంలో చోటు వచ్చింది. సాయంత్రం మా ఇంటికి రాగానే బ్యాగ్ అయినా దించకుండా, ఎందుకు తగ్గించావు అమ్మమ్మా అని నిలదీసింది. చరణంలో తొందరపడ్డావు, గొంతు మాత్రం మీ అమ్మది అన్నాను. అమ్మ పాడుతుందా అని ఆశ్చర్యపోయింది. మూతి ముడుచుకుని కాసేపు కూర్చుని, ఆ తర్వాత అదే చరణం మెల్లగా మొదలుపెట్టింది.

మన కాలంలో న్యాయం కోసం తెర కట్టుకున్నామనుకున్నాం. పిల్లలు కనబడకూడదని కట్టిన ఆ తెర ఇవతల మనమే దాక్కున్నాం. ఈ కాలం పిల్లలు మొహం మీదే అడుగుతారు, మనమూ మొహం మీదే చెప్పాల్సి వస్తోంది, అదే నయం. నా పాత రెండు మార్కులు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వేయడానికి ఆ కాగితం ఇప్పుడు లేదు.