కట్టని వంతెన ఎమ్మెల్యే గారు

మా మాజీ ఎమ్మెల్యే గారు పోయారన్న కబురు మొన్న మంగళవారం పొద్దున పాలకేంద్రం దగ్గర తెలిసింది. చెప్పినతను ఆ వెంటనే, "దండల ఖర్చు వద్దని ముందే చెప్పి పోయారంట," అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వుతూనే క్యాను కింద పెట్టి అరుగు మీద కూలబడ్డాను.

ఆయన గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. బతికుండగా ఆయన్ను నా అంత బాగా తిట్టినవాడు ఈ చుట్టుపక్కల లేడు. నాది మైకుసెట్టు వ్యాపారం. ఎన్నికల్లో అవతలి పార్టీవాళ్లు సెట్టుతో పాటు నా నోరు కూడా అద్దెకు తీసుకున్నారు. "పిల్లికి బిచ్చం పెట్టనివాడు" అని ఊరూరా అరిచాను. ఆయనే గెలిచారు. గెలిచాక దారిలో కనిపిస్తే సైకిలాపి, "గొంతెలా ఉందోయ్? మిరియాల కషాయం తాగు. మళ్లీ ఐదేళ్లకు కావాలిగా," అన్నారు.

నేను అరిచింది మరీ అబద్ధం కాదు. ఎమ్మెల్యే అయ్యాక కూడా హైదరాబాదుకు ఎర్రబస్సులోనే వెళ్లేవారు. తనకొచ్చిన కవరును విప్పి, తిరగేసి అంటించి, అందులోనే జవాబు పంపేవారు. అసెంబ్లీలో సభ్యుల భత్యం పెంచుతామంటే వద్దని లేచింది ఆయనొక్కరేనట. పక్క సభ్యుడు పంచె పట్టుకుని కూర్చోబెట్టబోతే, "వదలవయ్యా, చినుగుతుంది. ఇదీ కొన్నదే," అన్నారట.

"సర్కారు డబ్బంటే ఊరందరి కుండ. గరిటె పెద్దదైతే అన్నం పెరగదు" అనేవారు. మన కంచం దాకా రానంతవరకు ఇలాంటి మాటలు వినడానికి బాగానే ఉంటాయి.

మా కంచంలో పడ్డది వాగు. మా ఊరికీ మార్టూరు రోడ్డుకీ మధ్య ఉంది. పెద్దమ్మాయి పుట్టేటప్పుడు నొప్పులు పడుతున్న నా భార్యను నులకమంచం మీద పెట్టి, నలుగురం నడుములోతు నీళ్లలో దాటించాం. మధ్యలో మంచం ఒరిగింది. అప్పుడు ఆమె పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. రెండో కాన్పుకు నెలలు నిండేది మళ్లీ భాద్రపదంలోనే, వాగు పొంగే రోజుల్లో. ఆ ఎండాకాలంలో వంతెన వస్తోందని విని ఊపిరి పీల్చుకున్నాం. ఆ అంచనా కాగితాన్ని మా ఎమ్మెల్యే గారే వెనక్కి పంపారు. మూడు నెలలు పారే వాగుకు ఇంత ఖర్చేమిటి, అంచనా తగ్గించి తెండి అన్నారట. తగ్గించి తెచ్చేసరికి పుట్టబోయేవాడికి మీసాలొస్తాయి.

మా వైపు ఒక ఆచారముంది. పని మొదలైనా కాకపోయినా శంకుస్థాపన రాయి మాత్రం లేస్తుంది. పత్తి ఎండిపోయిన ఏడు కూడా ఆ రాళ్లు బాగా పండుతాయి. నా బావమరిది మార్టూరులో గ్రానైటు షెడ్డులో పేర్లు చెక్కుతాడు. మూల విరిగిన పలక మీద వాడితో ఇలా చెక్కించాను: "ఈ వంతెన ఇక్కడ కట్టబడలేదు. కట్టనివారు: గౌరవనీయ శాసనసభ్యులు." వాగొడ్డున పాతి, మామిడాకుల తోరణం కట్టి, ప్రారంభోత్సవానికి ఆయన్నే పిలిచాను. వస్తారనుకోలేదు. సైకిలు మీద వచ్చారు.

చదివారు. ఆయన వంగి రాయిని చేత్తో తడిమారు.

"అక్షరాలు బాగున్నాయి. ఎంతైంది?"

"ఏం కాలేదండి," అన్నాడు నా బావమరిది. "షెడ్డు వెనక గుట్టలుగా పారేసినవేనండి."

"గుట్టలుగానా?"

"తీసుకుపోతే వాళ్లే దండం పెడతారండి."

ఆయన వాగు వైపు చూశారు. తర్వాత నా వైపు. "ఏమోయ్, ఓటు నాకు వేసినోడివి కాదు. మరి ఇంత కోపమెందుకు?"

ఏదో ఒకటి అందామనుకున్నాను. చివరికి మంచం సంగతి, రాబోయే రెండో కాన్పు సంగతి చెప్పాను.

"కాగితంలో మంచం సంగతి లేదయ్యా," అన్నారు నెమ్మదిగా. "నేనన్నా వచ్చి అడగాల్సింది. మళ్లీ ఎప్పుడు?"

"భాద్రపదమండి."

"అయితే మూడు నెలలుంది. చప్టా వేద్దాం."

చప్టా అంటే వాగు అడుగున పరిచే రాతిదారి. నీళ్లు దాని మీదుగా పారతాయి, బండి వాటిలోంచే పోతుంది. పలకలు షెడ్డువాళ్లు పారేసినవి, బళ్లు ఊరివి. సిమెంటు, మేస్త్రీ కూలి మాత్రం పంచాయతీ సమితి ఇచ్చింది. చర్చిపేట వాళ్లు ఒక పూట, సాయిబులు ఒక పూట, మేమొక పూట రాళ్లు మోశాం. ఆయన రోజూ వచ్చి ఖాళీ సిమెంటు సంచులు ఇసుకలో దులిపించేవారు.

"అది కూడానాండీ?" అన్నాను.

"దులపకపోతే గాల్లో పోయేదేగా. ఎమ్మెల్యే ముక్కులో సిమెంటు ఉంటే ఎవరికి లాభం?"

తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. రిబ్బను కత్తిరించడం రాని ఎమ్మెల్యేకు ఓట్లెవరు వేస్తారు? ఆసారి ఆయన తరఫున డబ్బు తీసుకోకుండా అరుస్తానన్నాను. "అరుపులకే గెలిచేదైతే నువ్వే ఎమ్మెల్యేవి" అని పంపేశారు.

నాకు మాత్రం ఆయనంటే ఆ భాద్రపదమే. రాత్రంతా వాన, తెల్లవారేసరికి నొప్పులు. బండి కట్టి వాగు దాకా వచ్చాం. చప్టా మీద మట్టినీళ్లు పోతున్నాయి, అంచు ఎక్కడుందో తెలియలేదు. ఎద్దులు మొరాయించాయి. పగ్గాలు పట్టుకున్న నా బావమరిది దిగాలుగా నా వంక చూశాడు. అవతలి ఒడ్డున ఎమ్మెల్యే గారు. వరదకు చప్టా ఆగిందో లేదో చూసుకోవడానికి వచ్చారట. మమ్మల్ని చూసి పంచె పైకి కట్టి, నానితే పాడవుతాయని చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, నీళ్లలోకి దిగారు. కర్రతో అంచు తడుముకుంటూ మా దాకా వచ్చి, వెనక్కి తిరిగి ఎద్దుల ముందు నడిచారు. నీళ్లు పిక్కల దాకానే ఉన్నాయి.

బండిలోంచి నా భార్య పళ్లు బిగబట్టి, "అయ్యా, అడుగులు కూడా పొదుపేనా? కాస్త పెద్దవి వేయండి," అంది.

ఆయన తిరిగి చూడలేదు. భుజాలు మాత్రం నవ్వుతో కదిలాయి. అడుగులు పెద్దవయ్యాయి. చంకలో చెప్పులతో ఆయన ముందు, కింద రాతి మీద కటకటమంటూ మా చక్రాలు ఆయన వెనక.