ముందు మీ అక్క సంగతి

నా రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసేనాటికి మార్కాపురంలో నా దుకాణం బాగా నడుస్తోంది. కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టి ఇవ్వడం నా పని. ఎండాకాలం వస్తే అన్నానికి లేచే తీరిక కూడా ఉండదు. అలాంటివాణ్ని కాళ్లు వాచి, ఆయాసపడుతూ డయాలసిస్ మంచం ఎక్కాను. నా భార్య కిడ్నీ ఇస్తానంది గానీ ఆమెకు షుగరు ఉంది. అమ్మానాయనలు ఏనాడో పోయారు. మిగిలింది అక్క.

అక్కది రాచర్ల దగ్గర పల్లె. బావతో కలిసి గొర్రెలు మేపుతుంది. ఫోన్లో విషయం చెప్పి, అడగడానికి నోరు రాక ఊరుకున్నాను. ఆ వైపు అక్క గొర్రెలను అదిలిస్తోంది.

"ఎప్పుడు రావాల్నో చెప్పురా. మంద మీ బావకు అప్పజెప్పి వస్తా," అంది.

గుంటూరులో మేం వెళ్లిన ఆసుపత్రిలో ఒక మంచి పద్ధతి ఉంది. కిడ్నీ తీసుకునే మనిషిని ఒక డాక్టరు చూస్తే, ఇచ్చే మనిషిని ఇంకో డాక్టరు చూస్తారు. అక్కను చూసింది ఒక నడివయసు డాక్టరమ్మ. రక్తం, మూత్రం, గుండె, స్కానింగు అన్నీ అయ్యాక మా ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టింది.

"కిడ్నీలు రెండూ బాగున్నాయమ్మా. కానీ పిత్తాశయంలో రాళ్లున్నాయి. తిన్నాక కుడిపక్క నొప్పి వస్తుంటుందా?"

"వస్తాది. గ్యాసు గదమ్మా అది! సోడా తాగి గొర్రెలెంబడి నడిస్తే పోతాది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా చిన్నది కడుపున పడినప్పటి నుంచి."

ఆ చిన్నది అప్పటికి గిద్దలూరులో డిగ్రీ చదువుతోంది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి ఆ నొప్పి గురించే అడుగుతూ పోయింది. ఏం తింటే వస్తుంది, వీపులోకి పాకుతుందా, ఎప్పుడైనా కళ్లు పచ్చబడ్డాయా అని. అక్క నొప్పిని అంతసేపు విన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా ఇంట్లో ఎవరమూ వినలేదు.

కాలేయం కింద పైత్యరసం నిలవుండే చిన్న సంచి ఉంటుందనీ, అందులోని రాయి దారికి అడ్డం పడితే కామెర్లు రావచ్చనీ, చీము కూడా పట్టవచ్చనీ చెప్పింది. ఒక్క కిడ్నీతో ఉన్న మనిషికి అలాంటి కష్టం రాకూడదంది. "ముందు ఆ సంచి తీసేస్తాం. బాగా మానాక పరీక్షలన్నీ మళ్లీ చేస్తాం. కిడ్నీ మాట అప్పుడు చూద్దాం."

డయాలసిస్‌తో ఇంకొన్ని వారాలంటే నావల్ల కాదనిపించింది. "రెండూ ఒకేసారి చెయ్యకూడదా మేడమ్?" అన్నాను.

"మీ గురించి చూడటానికి మీ డాక్టరుగారున్నారు. నాకు పేషెంటు ఈవిడ. ముందు మీ అక్క సంగతి," అంది, గొంతు పెంచకుండా. తర్వాత నన్ను బయటికి పంపి, అక్కతో తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడింది.

పొట్ట మీద చిన్న చిన్న గాట్లు పెట్టి ఆ సంచి తీశారు. మర్నాటికల్లా అక్క వరండాలో నడుస్తోంది. తీసిన రాళ్లు చూపిస్తే, "ఇన్నేండ్లు వీటినా నేను మోసింది?" అని నవ్వబోయి, నొప్పికి పొట్ట పట్టుకుంది. సంచిని పరీక్షకు పంపారు. అనుమానపడాల్సిందేమీ లేదని రిపోర్టు వచ్చింది.

కోలుకునేదాకా అక్క మార్కాపురంలో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం చిక్కుళ్లు గిల్లుతూ తనంతట తానే ఆ తలుపు వెనక మాట చెప్పింది.

"ఎవురన్నా బలవంతం చేస్తాండారా అని అడిగిందిరా ఆయమ్మ. ఇష్టం లేకపోతే నాతో చెప్పు, ఈమె ఒంటికి సరిపడదని మేమే మీవాళ్లకు చెప్తాం, నీ మీదికి మాట రానియ్యం అన్నది."

"అట్ల చెప్పుంటే నాకు తెలిసేది కూడా కాదక్కా."

"నీకు తెలీకపోతే ఏంది, నాకు తెలుసు గదా," అని చేట నా వైపు జరిపింది. "ఊరికే కూచోకుండా ఈనెలు తియ్యి."

కొన్ని వారాలకు పరీక్షలన్నీ మళ్లీ చేశారు. డాక్టరమ్మ తలుపు వేసి మళ్లీ అదే అడిగింది, అక్క మళ్లీ తన ఇష్టంతోనే ఇస్తున్నానని చెప్పింది. ఆపరేషన్ అయింది. నడవనిచ్చిన రోజే అక్క గోడ పట్టుకుంటూ నా గదికి వచ్చింది. నా ముఖం కూడా చూడకుండా మంచం పక్కన వేలాడే మూత్రం సంచీ వైపు వంగి, "వస్తాండాదా?" అని నర్సును అడిగింది. మూత్రం బాగా వస్తోందని నర్సు చెప్పాకే నా వైపు తిరిగింది.

ఇంటికి పంపే ముందు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. పిత్తాశయం తీయించుకుని తర్వాత కిడ్నీ ఇచ్చినవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నారట. కొత్త మందులేమీ ఉండవు, ఏటా పరీక్షలు చేసి రాసుకుంటారు, వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, ఇందులో చేరతారా అని అక్కను అడిగాడు.

అక్క అంతా విని, "మా గొర్రెలకు సూదులేసేటప్పుడు ఒక్కరన్నా గొర్రెనడిగినారా? మీరు అడుగుతాండారు, సంతోషం నాయనా," అంది. అతను పగలబడి నవ్వాడు. "నాలాంటిది ఇంకొకామె వస్తే ఆయమ్మకు చెప్పేదానికి మీకాడ ఏదన్నా ఉండాల గదా. రాసుకోండి."

అప్పటి నుంచి ఏటా ఆ పరీక్షలకు గుంటూరు వెళ్లడానికి అక్క గిద్దలూరులో రైలెక్కుతుంది, మార్కాపురం రోడ్డు స్టేషన్లో నేనెక్కుతాను. ఈ ఏడు వెళ్లినప్పుడు డాక్టరమ్మ గది బయట పొదిలి నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. భర్తకు కిడ్నీ ఇవ్వాలని వచ్చిందట. చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది.

"యాడ నొప్పున్నా దాయకుండా చెప్పమ్మా. గ్యాసని నువ్వే అనుకోవాకు," అంది.

"నీకు భయం కాలేదా అక్కా?" అని ఆమె అడిగింది.

"ఎందుక్కాలే? అయింది. రెండు ఆపరేషన్లప్పుడూ అయింది. పిల్లలు కండ్లల్లో మెదిలినారు."

ఆ మాట అక్క నోట నేను వినడం అదే మొదటిసారి. అటుపక్క బెంచీ మీద, మా ఇద్దరి ఫైళ్లూ ఒళ్లో పెట్టుకుని, అక్క వైపే చూస్తూ కూర్చున్నాను.